పాత గిబ్సన్ మాండలిన్లు: కొనడం, వాయించడం, కాపాడుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

మాండలిన్ అనగానే తెలుగువారికి ముందుగా గుర్తుకు వచ్చేది పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేతిలోని సన్నని ఎలక్ట్రిక్ వాద్యం. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు అక్కడి పాత వస్తువుల దుకాణాల్లోనో, ఇళ్ల ముందు పెట్టే అమ్మకాల్లోనో గిబ్సన్ అనే అమెరికన్ కంపెనీ చేసిన నూరేళ్ల నాటి మాండలిన్‌ను చూసినప్పుడు, ఇదీ ఆ మాండలినూ ఒకటేనా, కొనవచ్చా, కొంటే మోగుతుందా అని అడుగుతుంటారు. అలా తరచుగా ఎదురైన ప్రశ్నలకు ఇవి సమాధానాలు.

పాత అమెరికన్ మాండలిన్ అంటే ఏ కాలానిది?

వాయించేవారు, సేకరించేవారు ఎక్కువగా కోరుకునేవి 1890ల నుంచి 1920ల చివరి వరకు తయారైన వాద్యాలు. 1880లో స్పానిష్ స్టూడెంట్స్ అనే బృందం న్యూయార్క్‌లో కచేరీలు చేసి పెద్ద సంచలనం కలిగించింది. నిజానికి వాళ్లు వాయించింది బండూరియా అనే మరో వాద్యం. వాళ్లను అనుకరిస్తూ ఇటలీ నుంచి వలస వచ్చిన సంగీతకారులు మాండలిన్లతో బృందాలు కట్టారు, వినేవారిలో చాలామందికి ఆ రెంటికీ తేడా తెలియలేదు. ఆ తర్వాత ఊరూరా మాండలిన్ ఆర్కెస్ట్రాలు వెలిశాయి. వయొలిన్ కుటుంబంలో ఉన్నట్లే ఇక్కడా మాండలిన్, దాని కంటే పంచమం కింద మోగే మాండోలా, ఇంకా కిందికి మాండోచెల్లో, నిలబడి వాయించే మాండో-బాస్ వరుసగా తయారయ్యాయి. ఈ వాద్యాలు నేటికీ ఇంత విరివిగా దొరకడానికి కారణం ఆ మోజే. 1920లలో జాజ్‌తో పాటు టెనర్ బాంజో వచ్చి మాండలిన్‌ను పక్కకు నెట్టడంతో వేలాది వాద్యాలు పెట్టెల్లోకి, అటకల మీదికి చేరాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆర్విల్ గిబ్సన్ కొత్తగా చేసింది ఏమిటి?

అంతవరకు మాండలిన్ అంటే ఇటలీ పద్ధతిలో సన్నని చెక్క పట్టీలను అతికించి చేసే బుర్ర వాద్యం. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో పనిచేసిన ఆర్విల్ గిబ్సన్ ఆ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టి, వయొలిన్‌లాగా ముందు పలకను, వెనుక పలకను దళసరి చెక్కలోంచి ఉబ్బెత్తుగా చెక్కాడు. పక్కలను సైతం పలచని చెక్కను వంచి చేయకుండా, గట్టి చెక్కలోంచే కోసి తీశాడు. దీనికి 1898లో పేటెంట్ వచ్చింది. చెక్కను వంచితే, అతికితే దాని స్పందన తగ్గుతుందన్నది ఆయన నమ్మకం. మన బొబ్బిలి పనివారు ఒకే పనస మొద్దులోంచి వీణను తొలిచేటప్పుడు ఉండే ఆలోచన దీనికి దగ్గరగానే ఉంటుంది, అయితే ఈ రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధమేమీ లేదు. 1902లో కొందరు పెట్టుబడిదారులు ఆయన పేరుతో గిబ్సన్ కంపెనీని స్థాపించారు. పక్కలను కోసి తీసే పద్ధతిని మాత్రం కంపెనీ ఎంతోకాలం కొనసాగించలేదు. వంచిన పక్కలే చవక, పైగా మోగడంలో వాటికి లోటేమీ లేదు. ఆర్విల్ చేతి వాద్యాలు అరుదైనవే కానీ, వాయించడానికి ఆ తర్వాత కర్మాగారంలో తయారైనవే మేలని నా అభిప్రాయం.

ఏ-మోడల్, ఎఫ్-మోడల్ అంటారు, తేడా ఎక్కడ?

ఏ-మోడల్ కన్నీటి బొట్టు ఆకారంలో, అలంకారం తక్కువగా ఉంటుంది. ఎఫ్-మోడల్‌కు ఎడమ భుజం దగ్గర శంఖంలా చుట్టుకున్న మలుపు, అంచుల్లో మొనలు ఉంటాయి. 1910 ప్రాంతం వరకు ఎఫ్-మోడళ్లకు మూడు మొనలు, ఆ తర్వాత రెండు. ఏ, ఏ-1, ఏ-2, ఏ-3, ఏ-4 అనే అంకెలు ముఖ్యంగా చెక్క ఎంపిక, రంగు, అంచుపట్టీలు, పొదుగుపని ఎంత పెరిగాయో తెలుపుతాయి. నాద పరంగా ఏ-1కు, ఏ-4కు మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉంటుందని హామీ ఇవ్వలేము. దీర్ఘవృత్తాకారపు రంధ్రం ఉన్న ఎఫ్-4ను, అదే కాలానికి చెందిన మంచి ఏ-మోడల్‌ను కళ్లు మూసుకుని వింటే తేడా చెప్పడం కష్టం. శంఖపు మలుపు కంటికి ఇంపు, చెక్కేవారికి పని, కొనేవారికి ఖర్చు.

లాయిడ్ లోర్ సంతకం ఉన్న మాండలిన్లకు అంత విలువ ఎందుకు?

సంగీతకారుడు, శబ్దశాస్త్రంలో ఆసక్తి ఉన్నవాడు అయిన లాయిడ్ లోర్ 1919 నుంచి 1924 చివరి వరకు గిబ్సన్‌లో పనిచేశాడు. ఆ కాలంలో, 1922లో, ఎఫ్-5 అనే మాండలిన్ వెలువడింది. ఇందులో దీర్ఘవృత్తాకారపు (ఓవల్) రంధ్రానికి బదులు వయొలిన్‌కు ఉన్నట్లు రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెట్టారు, లోపల రెండు పొడవాటి నాదపట్టీలు అమర్చారు, మెడను పొడిగించి 15వ మెట్టు దగ్గర కాయానికి కలిపారు. అంతకు ముందరి ఓవల్ రంధ్రపు గిబ్సన్లలో మెడ 12వ మెట్టు దగ్గరే కాయాన్ని కలుస్తుంది. మెడ పొడుగైనందువల్ల, తీగలను పలక మీద ఎత్తి నిలిపే బ్రిడ్జి పలక నడిమికి జరిగి, నాదం గుంపులో కూడా చీల్చుకుని వినిపించేలా మారింది. లోపలి చీటీ మీద ఈ వాద్యాన్ని పరీక్షించి ఆమోదించినట్లు తేదీ వేసి లోర్ సంతకం చేసేవాడు. 1922 నడుమ నుంచి 1924 డిసెంబరు వరకు మాత్రమే ఈ సంతకాలు కనిపిస్తాయి. సంతకం ఉన్న ఎఫ్-5లు కొన్ని వందలే. లోర్ సంతకంతో ఉన్న ఏ-5 అయితే ఇప్పటికి తెలిసింది ఒక్కటే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తయారైన కాలంలో ఇవి పెద్దగా అమ్ముడుపోలేదు, ఎందుకంటే అప్పటికే మాండలిన్ మోజు దిగిపోతోంది. లోర్ కంపెనీని విడిచి వెళ్లిన 20 ఏళ్ల తర్వాత, ఆయన ఊహించని సంగీతంలో, ఊహించని చేతుల్లో ఆ వాద్యానికి విలువ వచ్చింది. ఈనాడు వాటి ధరలు లక్ష డాలర్లు దాటుతున్నాయి కాబట్టి నకిలీ చీటీలు కూడా పుట్టుకొచ్చాయి. చీటీని మాత్రమే చూసి నమ్మడం ఎవరికీ తగదు.

ఆ ఊహించని చేతులు ఎవరివి?

కెంటకీకి చెందిన బిల్ మన్రోవి. 1923 జూలై 9 తేదీతో లోర్ సంతకం ఉన్న ఎఫ్-5ను ఆయన 1940లలో మయామీలోని ఒక క్షౌరశాలలో చూసి 150 డాలర్లకు కొన్నాడు. బ్లూగ్రాస్ అనే అమెరికన్ గ్రామీణ సంగీతం రూపుదిద్దుకున్నది ఆ వాద్యం మీదే. 1985లో ఎవరో ఆయన ఇంట్లో చొరబడి దాన్ని ఇనుప కడ్డీతో చితకబాదినప్పుడు, గిబ్సన్‌లో పనిచేస్తున్న చార్లీ డెరింగ్టన్ ఆ పుల్లలన్నిటినీ ఏరి, అతికి, మళ్లీ మోగించాడు. ముక్కలైన మాండలిన్‌ను కూడా నిపుణులు నిలబెట్టగలరనడానికి నేను తరచుగా చెప్పే ఉదాహరణ ఇదే.

మొదటిసారి కొనేవారు దేన్ని కొనాలి?

నా సమాధానం ఎప్పుడూ ఒకటే: 1910 తర్వాత, 1920ల నడిమి లోపల తయారైన, అలంకారం లేని ఓవల్ రంధ్రపు గిబ్సన్ ఏ-మోడల్. కంపెనీ అప్పట్లో సంగీత ఉపాధ్యాయులనే ఏజెంట్లుగా పెట్టుకుని, విద్యార్థులకు వాయిదాల మీద అమ్మేది. ఆ పద్ధతి వల్ల ఈ వాద్యాలు ఊరూరికీ పాకాయి. అందుకే అవి ఇంకా దొరుకుతాయి, అందుకే ధర కూడా కొన్ని వేల డాలర్లకు మించదు. నూరేళ్లు ఆరిన స్ప్రూస్ చెక్క పలక ఈ ధరకు కొత్త వాద్యంలో రాదు.

దీని నాదం ఎఫ్-5 నాదంలా పదునుగా ఉండదు. గుండ్రంగా, లోతుగా, కాస్త చీకటిగా ఉంటుంది. బ్లూగ్రాస్ బృందంలో బాంజో పక్కన నిలబడి వాయించదలచినవారికి ఇది చాలదు, కానీ ఒంటరిగా గదిలో కూర్చుని వాయించేవారికి, గాత్రానికి తోడుగా వాయించేవారికి, నెమ్మదైన ఆలాపన కోరేవారికి ఇంతకంటే తృప్తినిచ్చేది తక్కువ. తల సన్నగా ఉండి తీగలు నిటారుగా సాగే 1923–27 ప్రాంతపు ఏ-మోడళ్లను అక్కడివారు పాము తల అంటారు. వాటి మెడ సన్నగా ఉండి, లోపల సర్దుబాటు చేసుకోగల ఉక్కు కడ్డీ ఉంటుంది. ధర మిగతా ఏ-మోడళ్ల కంటే ఎక్కువే అయినా, రోజూ గంటలకొద్దీ వాయించేవారికి ఆ తేడా పెట్టదగినదే. ఏ-జూనియర్ లాంటి అట్టడుగు మోడల్ దొరికినా వదులుకోవద్దు, దానికీ పలక చెక్కిన చేతులు అవే.

అమ్మేవారు వెనుక పలక మేపుల్ అంటే వెంటనే నమ్మనక్కరలేదు, కాదని తేలితే కంగారు పడనూ అక్కరలేదు. గిబ్సన్ తన జాబితాల్లో మేపుల్ అని రాసుకున్నా, చాలా ఏ-మోడళ్లకు వాడింది బర్చ్ అనే మరో చెక్క. అది లోపం కాదు.

గిబ్సన్ కాకుండా ఇంకెవరివి చూడవచ్చు?

షికాగోకు చెందిన లయన్ అండ్ హీలీ 1910ల చివరి నుంచి చేసిన చెక్కుడు పలకల మాండలిన్లు పనితనంలో గిబ్సన్‌ను మించినవని చెప్పేవారు ఉన్నారు, వారిలో నేనూ ఒకణ్ణి. వాటి నాదం స్పష్టంగా, తీయగా, శాస్త్రీయ సంగీతానికి తగినట్లు ఉంటుంది. బాస్టన్‌లోని వేగా కంపెనీ వారి మాండలిన్లలో వెనుక పలక మధ్యలో గొట్టంలా ఉబ్బి ఉండే రకం చూడడానికి వింతగా, వాయించడానికి హాయిగా ఉంటుంది. పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో గిటార్లకు పేరుపొందిన మార్టిన్ కంపెనీ 1914 నుంచి చేసిన సమతలపు వెనుక పలక మాండలిన్లు తేలికైనవి, చవకైనవి, కొత్తగా నేర్చుకునేవారికి చక్కనివి. వీటి తీగల పొడవు 13 అంగుళాలు. గిబ్సన్లది 13.9 అంగుళాలకు దగ్గరగా ఉంటుంది, కాబట్టి చిన్న వేళ్లున్న పిల్లలకు మార్టిన్ సులువు.

మా ఇంటివాళ్ల అటక మీద బుర్ర మాండలిన్ దొరికింది. దానికి విలువ ఉందా?

చాలా సందర్భాల్లో గోడకు తగిలించుకునేంత విలువ మాత్రమే ఉంటుంది. చారల వెనుక భాగాన్ని చూసి అమెరికన్లు దీన్ని బంగాళదుంప పురుగు అని ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళిని గిబ్సన్ కంపెనీ తన ప్రకటనల్లో బాగానే వాడుకుంది. ఇవి లక్షల్లో తయారయ్యాయి. మెడ వంగిపోయి ఉంటే బాగుచేయడానికి అయ్యే ఖర్చు వాద్యం ధర కంటే ఎక్కువ అవుతుంది. అయితే వాష్‌బర్న్ పేరుతో లయన్ అండ్ హీలీ చేసిన పైతరగతి వాద్యాలు, షికాగోలోని జోసెఫ్ బోమన్ చేసినవి, మార్టిన్ తొలినాటివి వేరే సంగతి. మెడ నిటారుగా ఉంటే వాటిని నిపుణుడికి చూపించండి. ఈలోగా ఇప్పటి మామూలు తీగలు మాత్రం బిగించవద్దు.

తయారైన సంవత్సరాన్ని ఎలా తెలుసుకోవాలి?

రంధ్రంలోంచి చూస్తే వెనుక పలక మీద అతికించిన కాగితపు చీటీ కనిపిస్తుంది, దాని మీద మోడల్ పేరు, వరుస సంఖ్య ఉంటాయి. చీటీ ఊడిపోతే, మెడ కాయంలోకి దిగే దిమ్మ మీద కర్మాగారపు సంఖ్య ఉందేమో చిన్న అద్దంతో, దీపంతో చూడాలి. ఈ రెండు సంఖ్యలకూ సేకర్తలు పట్టికలు తయారుచేశారు. వాటితో ఒకటి రెండేళ్ల తేడాతో కాలాన్ని నిర్ణయించవచ్చు. ఆ తర్వాత వాద్యం స్వరూపం ఆ కాలానికి సరిపోతోందో లేదో చూడాలి. 1915 నాటిదని చెప్పే వాద్యానికి మెడలో సర్దుబాటు కడ్డీ ఉంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట, ఎందుకంటే ఆ కడ్డీలు 1920ల మొదట్లోనే వచ్చాయి. ఎత్తు సర్దుబాటు చేసుకునే బ్రిడ్జి కూడా ఇంచుమించు అప్పటిదే. పాత వాద్యం మీద కొత్త బ్రిడ్జి ఉండడం మోసం కాదు, ఎవరో అవసరం కొద్దీ మార్చి ఉంటారు. కానీ అసలు బ్రిడ్జి పెట్టెలో ఉందేమో అడగండి.

కొనే ముందు ఏమేమి పరీక్షించాలి?

మెరుపును పట్టించుకోకుండా, ముందు పలక మీద ఒక సన్నని స్కేలును అడ్డంగా పెట్టి చూడాలి. ఓవల్ రంధ్రపు గిబ్సన్లలో రంధ్రానికి కొంచెం కిందగా ఒకే ఒక అడ్డుపట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఊడినా, బలం తగ్గినా బ్రిడ్జికి, రంధ్రానికి మధ్య పలక కుంగుతుంది. కొద్దిపాటి కుంగుదల నూరేళ్ల వాద్యానికి సహజమే, అది ఎన్నో ఏళ్ల కిందట ఆగిపోయి ఉండవచ్చు. కానీ పలక గిన్నెలా పల్లమై, బ్రిడ్జిని బాగా పైకి ఎత్తవలసి వచ్చిందంటే ఆ వాద్యాన్ని వదిలేయడమే మంచిది. వేలి కణుపుతో పలకను అక్కడక్కడా తట్టి వింటే, ఊడిన పట్టీ గిలకలా గరగరలాడుతుంది.

రెండోది మెడ. తలవైపు నుంచి బాణం గురిచూసినట్లు చూస్తే మెట్ల వరుస నిటారుగా ఉందో, విల్లులా వంగిందో తెలుస్తుంది. కడ్డీ లేని పాత మెడ వంగితే, మెట్లన్నీ తీసి, ఎబొనీ పలకను చిత్రికపట్టి, కొత్త మెట్లు వేయాలి. అది చేయించదగిన పనే, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించి అడగాలి. 12వ మెట్టు మీద తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లకు మించకుండా సర్దుకుంటే వాయించడం సుఖంగా ఉంటుంది. అసలు మెట్లు చాలా సన్నగా, పొట్టిగా ఉంటాయి, అరిగి ఉంటే ఇంకా ఇబ్బంది.

తీగలు బిగించే మరలను ఒక్కొక్కటే తిప్పి చూడండి. తోకభాగపు మూత మీద అసలు ముద్ర ఉందేమో, వేళ్ల కింద ఉండే రక్షణ పలక ఊడి పిన్నుల బెజ్జాలు మాత్రమే మిగిలాయేమో గమనించండి. ఇవి నాదానికి సంబంధం లేనివే అయినా అమ్మేటప్పుడు లెక్కకు వస్తాయి. పగుళ్లకు భయపడకండి. లోపల చిన్న చెక్కముక్కలతో కట్టు వేసి శుభ్రంగా అతికిన పగులు ధరను తగ్గిస్తుంది, నాదాన్ని కాదు. నా దగ్గరున్న ఏ-మోడల్‌కు అలాంటి పగుళ్లు రెండు ఉన్నాయి, వాటి వల్లనే అది నా స్తోమతకు అందింది.

పాత వార్నిష్ వెలసిపోయింది. కొత్తగా పాలిష్ చేయించవచ్చా?

చేయించకూడదు. కొత్త పూత వేయించిన పాత వాద్యానికి సగం ధర పోతుందని వ్యాపారులు అనుకునే మాటలో అతిశయోక్తి పెద్దగా లేదు. ధర సంగతి అలా ఉంచినా, పూతను గీకేవారు దానితో పాటు చెక్కను కూడా గీకుతారు. కొన్ని మిల్లీమీటర్ల మందమే ఉన్న పలకకు అది తీరని నష్టం. మొదట్లో నేను కళ్లు మిరుమిట్లు గొలిపే ఒక ఏ-మోడల్‌ను చూసి మోజుపడి కొన్నాను. కొన్నాళ్లకు పలక కుంగడం మొదలైనప్పుడు కానీ, దాన్ని ఎవరో గీకి పలచబరిచారని అర్థం కాలేదు. మురికిని తడి పీల్చిన మెత్తని గుడ్డతో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చేతులు రాసుకుని రంగు పోయిన చోట్లను అలాగే ఉండనివ్వండి.

ఎలాంటి తీగలు బిగించాలి?

నేటి మధ్యరకం తీగలు ఎనిమిదింటిని శ్రుతిలోకి తెస్తే పలక మీద, మెడ మీద పడే మొత్తం లాగుడు 80 కిలోల ప్రాంతంలో ఉంటుంది. ఎఫ్-5ను, దృఢంగా ఉన్న పాము తల ఏ-మోడల్‌ను అలాంటి వాటికి అప్పగించవచ్చు. కడ్డీ లేని 1910ల గిబ్సన్‌కు సన్న తీగ 10 అంకెతో (అంటే 0.010 అంగుళం మందంతో) మొదలయ్యే తేలిక జత చాలు, నాదం కూడా తేటగా వస్తుంది. బుర్ర మాండలిన్లకు, మార్టిన్లకు ఇంకా సన్నవి, వాటికోసమే అమ్మేవి వాడాలి. తీగలన్నిటినీ ఒక్కసారిగా తీసేస్తే బ్రిడ్జి జారిపోతుంది, దాన్ని పలకకు అతికించి ఉండరు. ఒక్కొక్కటిగా మార్చుకోండి.

దీని మీద కర్ణాటక సంగీతం వాయించవచ్చా?

స్వరాలు, సంగతులు, వేగపు కల్పనస్వరాలు హాయిగా వస్తాయి. గమకమే చిక్కు. జంట తీగలను బిగువులో ఉంచి, సన్నని మెట్ల మీద పక్కకు లాగితే రెండూ సమంగా లేవవు, ఒకటి ముందు, ఒకటి వెనుక అయి అపస్వరం పలుకుతుంది. పైగా మీటిన శబ్దం త్వరగా ఆరిపోతుంది కాబట్టి లాగి నిలపడానికి వ్యవధి ఉండదు. శ్రీనివాస్ ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకోవడానికి వెనుక ఉన్న ఇబ్బంది ఏదో పాత గిబ్సన్‌ను ఒక గంట పట్టుకున్నవారికి అనుభవంలోకి వస్తుంది.

అయినా దారి లేకపోలేదు. ప్రతి జంటలోంచి ఒక తీగ తీసేసి నాలుగు తీగలతో వాయించవచ్చు. మామూలుగా కింది నుంచి జి, డి, ఏ, ఇ గా ఉండే శ్రుతిలో ఏ తీగను జి కి, ఇ తీగను డి కి దించితే, జి శ్రుతిలో స–ప–స–ప వరుస దొరుకుతుంది. తీగలు దిగడం వల్ల లాగుడు తగ్గి వాద్యానికి కూడా ఊరట. ఇందులో వాద్యాన్ని కోయవలసిన పని లేదు, ఇష్టం లేకపోతే పది నిమిషాల్లో పాత స్థితికి తేవచ్చు. ఐదో తీగ కోసం తలకు బెజ్జం వేయడం, శబ్దాన్ని ఆంప్లిఫైయరుకు అందించే పికప్ కోసం పలకకు రంధ్రం చేయడం మాత్రం వద్దు. ఆ కోరిక ఉన్నవారు కొత్త ఎలక్ట్రిక్ మాండలిన్ కొనుక్కోవడం అన్ని విధాలా చవక. మోహనం, హంసధ్వని వంటి రాగాలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు, సినిమా పాటలు ఈ పాత వాద్యం మీద అద్భుతంగా ఒదుగుతాయి. తోడి వంటి రాగాలకు అది మొండికేస్తుంది.

హైదరాబాదుకో, విజయవాడకో తీసుకువస్తే పాడవుతుందా?

తేమ, ఎండ రెండింటి గురించీ జాగ్రత్త పడాలి. ఈ వాద్యాలను చర్మంతో కాచిన పాతకాలపు జిగురుతో అతికారు. ఎండలో నిలిపిన కారు వెనుక పెట్టెలో అది మెత్తబడి అతుకులు కదులుతాయి. టెక్సస్ ఎండకైనా, విజయవాడ ఎండకైనా ఈ మాట వర్తిస్తుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకు హాయి. కోస్తాలో వానాకాలమంతా పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు వేసి ఉంచాలి, రాత్రంతా ఏసీ నడిచే గదిలో అయితే అందుకు భిన్నంగా ఎండిపోకుండా చూడాలి. విమానంలో మీ వెంటే, చేతి సామానుగా తెచ్చుకోండి, తీగలను కొద్దిగా వదులు చేయండి.

చట్టం సంగతి కూడా మరవద్దు. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో నిషేధిత జాబితాలో ఉంది. మార్టిన్లలోను, బుర్ర మాండలిన్లలోను అది తరచుగా ఉంటుంది. కొన్ని పాత వాద్యాలకు అసలు తాబేటి చిప్ప, ఏనుగు దంతం కూడా పొదిగారు. అలాంటి వాద్యాన్ని అమెరికా నుంచి బయటికి తేవాలంటే అక్కడి వన్యప్రాణి శాఖ నుంచి ముందుగా ధ్రువపత్రం తీసుకోవాలి, మన కస్టమ్స్‌కు కూడా అది చూపించవలసి ఉంటుంది. స్ప్రూస్, బర్చ్, ఎబొనీలతో చేసిన మామూలు ఏ-మోడల్‌కు ఈ తలనొప్పి సాధారణంగా ఉండదు.

పెట్టె తెరవగానే ఘాటైన వాసన వస్తోంది, తీగలు వారం రోజుల్లో తుప్పు పడుతున్నాయి. కారణం ఏమిటి?

రక్షణ పలక. తాబేటి చిప్పలా కనిపించే ఆ పలక సెల్యులాయిడ్, అది కాలక్రమంలో విచ్ఛిన్నమై ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి తీగలను, మరలను, మెట్లను తినేస్తుంది. పలక అంచులు పొడిపొడిగా రాలుతున్నా, పగుళ్లు గళ్లుగళ్లుగా కనిపిస్తున్నా ఇదే రోగం. వెంటనే దాన్ని విప్పి, గాలి ఆడే కాగితపు కవరులో వేసి, వాద్యానికి దూరంగా, నిప్పుకు మరీ దూరంగా ఉంచండి. పారేయవద్దు, తర్వాత కొనేవారు దాన్ని అడుగుతారు. దాని కొలతతో నకలు పలక చేయించి బిగించుకోవచ్చు, లేదా పలక లేకుండానే వాయించవచ్చు. అంచుపట్టీ కూడా అదే పదార్థం కాబట్టి, నెలకోసారి పెట్టె తెరిచి ఒక పూట గాలి తగలనివ్వండి.